అర్జెంటీనా దాకా వినబడ్డ మా అక్క కుక్కర్

న్యూజిలాండ్ గురించి ఏం కావాలన్నా నన్నడగండి. ఎనిమిదేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. అక్కడి గాలి ఎలా కోస్తుందో, మైదానం పక్క గట్టు మీద పచ్చిక ఎలా మెరుస్తుందో, సముద్రం మీంచి మబ్బు ఎలా కమ్ముకొస్తుందో, టీవీలో తెలుగు క్రికెట్ వ్యాఖ్యానం వినే ప్రతి ఇంటికీ నా గొంతే చేరవేసింది. ఒక్క చిన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. మొన్న ఆగస్టు దాకా నేను న్యూజిలాండ్ మొహం చూడలేదు.

మా వ్యాఖ్యానమంతా హైదరాబాద్‌లో, ఒక స్టూడియో రెండో అంతస్తులో నడుస్తుంది. ఎదురుగా టీవీ, పక్కన ఫ్లాస్కు, నెత్తి మీద ఏసీ. ఆ ఏసీ కింద వణుకుతూ "ఇక్కడ చలి ఎముకలు కొరుకుతోందండీ" అన్నప్పుడు అందులో సగం నిజమే కదా అని సర్దిచెప్పుకునేవాణ్ణి. సిరీస్ ఉన్నన్నాళ్ళూ చానెల్ వాళ్ళు పక్కనే హోటల్లో పెట్టేవారు. బంధువులంతా నేను విదేశాల్లో ఉన్నాననుకునేవారు, నేనూ కాదనేవాణ్ణి కాదు. సిరీస్ అయ్యాక సూపర్ మార్కెట్లో ఫారిన్ చాక్లెట్లు కొని, ధర స్టిక్కర్లు గోటితో గీకి, తెనాలి పట్టుకెళ్ళి పంచేవాణ్ణి. మా ఆవిడకి తెలుసు. పరువు ఉమ్మడి ఆస్తి కాబట్టి నోరు విప్పలేదు.

ఈ గొప్పలకి దెబ్బ ఒక్కచోటే తగిలింది, అదీ సొంత అక్క దగ్గర. మా ఇందిరక్క, ప్రసాద్ బావ చాలా ఏళ్ళ కిందటే ఆక్లాండ్ వెళ్ళి, ఫ్లాట్ బుష్ అనే పేటలో సెటిలయ్యారు. ఆరేళ్ళ కింద మన జట్టు అక్కడ ఆడుతున్నప్పుడు బావ జబ్బు ముదిరి మంచం మీద ఉన్నాడు. నేనేమో రెండో అంతస్తులో కూర్చుని, "ఈ ఉదయం ఆక్లాండ్ సముద్రం ఒడ్డున కాసేపు నడిచి వచ్చానండీ, ఆ హాయే వేరు" అన్నాను. ఆ మాట ఫ్లాట్ బుష్‌లోనూ వినబడింది. మరో పది రోజులకి బావ పోయాడు. పలకరిద్దామని ఫోన్ చేస్తే అక్క, "సముద్రం ఒడ్డుకి పోవడానికి కాళ్ళొచ్చాయి గానీ, మా గుమ్మం తొక్కడానికి రాలేదట్రా?" అని పెట్టేసింది. అప్పట్నించీ మా ఇద్దరికీ మాటల్లేవు.

'నేను అసలు రాలేదక్కా' అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. అక్కకి తెలిస్తే గంటలో తెనాలికి తెలుస్తుంది, తెనాలికి తెలిస్తే చాక్లెట్ల సంగతి బయటపడుతుంది. బావ పోయిన దుఃఖం కన్నా నా పరువే నాకు ఎక్కువైంది. రాయడానికి సిగ్గుగానే ఉంది.

అలాంటి నన్ను న్యూజిలాండ్ పంపింది మా చానెల్ పెద్దాయన. ఆయన ఫోన్లో ఏదో వీడియో చూశాడు. అందులో స్పానిష్ వ్యాఖ్యాత ఒకాయన గోల్ పడగానే ఊపిరి తియ్యకుండా నలభై సెకన్లు అరుస్తాడు. మా కబడ్డీ లీగులో తెలుగులో అలా అరవాలట. "వాళ్ళ చానెల్‌తో మాట్లాడాను. అర్జెంటీనా రగ్బీ జట్టుతో పాటు వ్యాఖ్యాతలు ఆక్లాండ్ వస్తున్నారు, వాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకురావయ్యా మూర్తీ" అన్నాడు. రగ్బీలో అలాంటి గోల్ ఉండదండీ అన్నాను. "అరుపు ఉంటుందిగా?" అన్నాడు. హోటల్ మాట ఎత్తితే, "మీ అక్క అక్కడే ఉందిగా!" అని ఫైలు మూసేశాడు. అక్కతో మాటల్లేవని ఆయనకి ఏమని చెప్పను? సరేనని, సొంత డబ్బుతో గది బుక్ చేసుకుని, అలవాటు కొద్దీ పెట్టెలో ఒక ఆవకాయ సీసా పెట్టుకుని బయల్దేరాను.

ఆక్లాండ్ విమానాశ్రయం

కౌంటర్లో అధికారి అమ్మాయి నవ్వుతూ అడిగింది, ఇదివరకు న్యూజిలాండ్ వచ్చారా అని. ఎనిమిదేళ్ళ అలవాటు నోట్లోంచి దానంతటదే ఊడిపడింది. "చాలాసార్లు" అన్నాను. ఆమె పాస్‌పోర్టు తిప్పింది. కంప్యూటర్ చూసింది. నవ్వు ఆపేసింది.

పక్క గదిలో ముప్పావుగంట కూర్చోబెట్టారు. ఎప్పుడెప్పుడు వచ్చారు, ఏ పేరుతో వచ్చారు, వేరే పాస్‌పోర్టు ఉందా? చివరికి ఒప్పుకున్నాను. "అయ్యా, నేనెప్పుడూ రాలేదు. టీవీలో మాత్రమే వచ్చాను." ఆ అధికారి పెన్ను కింద పెట్టి నావంక జాలిగా చూశాడు. ఆవకాయ సీసా మూత కూడా పరీక్షించి, అందులో అనుమానించాల్సింది ఏమీ లేదని తేల్చి, ఇద్దర్నీ వదిలేశారు. నా జీవితంలో మొదటిసారి నిజం చెప్పింది ఒక ఇమిగ్రేషన్ అధికారికి అన్నమాట.

బయట గాలి తగిలింది. అప్పటిదాకా నేను వర్ణించిన చలి ఏసీ చలి. ఇది అడగకుండా చొక్కాలో దూరి మెడ పట్టుకునే చలి. టోపీ ఎగిరిపోతే టాక్సీ డ్రైవరు పరుగెత్తి తెచ్చిచ్చాడు. ఆయన పేరు నారాయణ్ నాయుడు. ముత్తాత విజయనగరం వైపు నుంచి ఫిజీ చెరకు తోటలకి ఓడెక్కాడట. ఫిజీ నుంచి ఈయన ఇక్కడికొచ్చాడు. ఇంట్లో ఫిజీ హిందీ, బయట ఇంగ్లీషు. తెలుగు పదాలు అరడజను మిగిలాయి. అన్నం, నీళ్ళు, అమ్మ, దొంగ, రా, పో. "వీటితో మా నానమ్మ ఇల్లంతా నడిపింది" అన్నాడు. నిజమే, మా చానెల్లో ఇంతకన్నా తక్కువ పదాలతో ఇన్నింగ్స్ నడిపేవాళ్ళున్నారు.

ఆల్బనీ

ఆల్బనీ నగరానికి ఉత్తరాన. ఒక యూనివర్సిటీ, ఆఫీసులు, మాల్స్, మధ్యలో పార్కింగు. నేను ఎనిమిదేళ్ళు వర్ణించిన పచ్చని కొండలు పార్కింగు స్థలాల వెనక ఎక్కడో ఉండే ఉంటాయి. పాలకోసం ఎక్కడికెళ్ళాలంటే డెయిరీకి వెళ్ళమన్నారు. గేదెల్ని చూడొచ్చని సంబరంగా వెళ్తే అది మన కిరాణా కొట్టు. నాలుగు రెబ్బల కరివేపాకు నాలుగు డాలర్లు. మన దగ్గర కూరలు కొంటే ఊరికే పడేస్తారు, మనం మళ్ళీ ఇంకో రెండు రెబ్బలు వెయ్యమని దెబ్బలాడతాం.

అర్జెంటీనా వాళ్ళు దిగిన మోటెల్లోనే నేనూ గది తీసుకున్నాను. వాళ్ళిద్దరు. రూబెన్, అరవై దాటిన మనిషి, ఆట చెప్పేవాడు. గ్రాసియెలా, ఒకప్పుడు తనూ ఆడిన మనిషి, ఆటని విడమర్చేది. ఇద్దరికీ మాట్లాడగలిగినంత ఇంగ్లీషు వచ్చు. వాళ్ళ చానెల్ గొప్పతనం కూడా తెలుసుకోండి. సముద్రమంతా దాటించి పంపింది గానీ, స్టేడియంలో వ్యాఖ్యాతల గదికి అద్దె ఎక్కువని కట్టలేదట. అంచేత చివరి ఇరవై కిలోమీటర్ల దగ్గర ఆగిపోయి, మోటెల్ గదిలో లాప్‌టాప్ చూస్తూ మ్యాచ్ చెప్పాలి. పిసినారితనానికి భాషాభేదం లేదని తెలిసి నాకు కడుపు నిండింది.

రెండోనాడు మధ్యాహ్నం రూబెన్ వేరే చానెల్ కోసం ఫుట్‌బాల్ మ్యాచ్ చెప్పాడు. ఆ మ్యాచ్ జరిగేది బ్యూనస్ ఎయిర్స్‌లో, వినేవాళ్ళు బ్యూనస్ ఎయిర్స్‌లో, చెప్పేవాడు ఆల్బనీ మోటెల్లో. ఆయన ఓవర్‌కోటు వేసుకుని, మఫ్లరు చుట్టుకుని, కిటికీ బార్లా తెరిచి కూర్చున్నాడు. ఎందుకని అడిగితే, "స్టేడియం చలి గొంతులో వినబడాలి" అన్నాడు. నాకు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. ఇన్నేళ్ళూ నేను ఏసీతో గడిపేశాను, ఈయన కిటికీ దాకా వెళ్ళాడు. ఒకే వృత్తివాళ్ళ దగ్గర దాపరికమేమిటని నా ఏసీ సంగతీ, ఈ దేశం రావడం ఇదే మొదటిసారన్న సంగతీ వాళ్ళిద్దరికీ చెప్పేశాను.

ఆట ఆగినప్పుడల్లా జేబులోంచి ఒక చీటీ తీసి పేర్లు చదువుతాడు. ఫలానా ఊళ్ళో రొట్టెల దుకాణం వాళ్ళకి నమస్కారం, ఫలానా వీధిలో తొంభై ఏళ్ళు నిండిన మామ్మగారికి నమస్కారం, లారీ డ్రైవర్ మిగెల్‌కి నమస్కారం. ఇది అక్కడి ఆచారమట, పేరు చదవలేదని అలిగేవాళ్ళు కూడా ఉంటారట. మన శుభలేఖల్లో చివర పేర్లు వేసినట్టుందని నవ్వుకున్నాను. ఆ నమస్కారాలతో నాకే పని పడుతుందని అప్పుడు తెలియదు.

గోల్ పడింది. రూబెన్ లేచి నిలబడి అరిచాడు. నేను గడియారం చూశాను, ముప్పై ఎనిమిది సెకన్లు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి, గది అద్దాలు అదిరాయి. మ్యాచ్ అయ్యాక నన్ను అరవమన్నాడు. పదకొండో సెకనుకి నాకు పొలమారింది. మోటెల్ యజమాని తలుపు కొట్టి, ఎవరికైనా అంబులెన్సు కావాలా అని అడిగి వెళ్ళాడు.

తర్వాత గ్రాసియెలా ఒక చిన్న సొరకాయ బుర్రలో ఆకుల కషాయం పోసి, అందులో ఒక ఇనప గొట్టం పెట్టి తాను పీల్చింది. అదే గొట్టం రూబెన్ పీల్చాడు. తర్వాత నాకిచ్చారు. మా ఇంట్లో ఎంగిలి గ్లాసు పక్కన ఎంగిలి కాని గ్లాసు పెడితేనే అమ్మ ఊరుకునేది కాదు. కళ్ళు మూసుకుని ఒక్క గుక్క పీల్చి, మర్యాదగా థాంక్స్ చెప్పాను. అంతే, ఆ తర్వాత నావైపు ఆ బుర్ర రాలేదు. థాంక్స్ అంటే ఇక చాలని అర్థమట. మొదట హమ్మయ్య అనుకున్నాను. మూడోసారి కూడా నన్ను దాటించి వెళ్ళేసరికి మాత్రం కాస్త అవమానంగా అనిపించింది.

హాబ్సన్‌విల్

ఆ డెయిరీ కొట్లో నా గొంతు గుర్తుపట్టి శ్రీకాంత్ అనే కడప కుర్రాడు భోజనానికి పిలిచాడు. ఆల్బనీలో ఐటీ ఉద్యోగం, హాబ్సన్‌విల్‌లో కొత్త ఇల్లు. భార్య పేరు సుష్మ. పిల్లలిద్దరూ తెలుగు వింటారు, ఇంగ్లీషులో జవాబిస్తారు. రాగిసంకటి, నాటుకోడి పులుసు. ఆ సంకటి పిండి మాత్రం కడప నుంచి పెట్టెలో వచ్చిందే.

"సార్, మీరు వచ్చిన ప్రతిసారీ ఇక్కడికి పిలుద్దామనుకుంటాం సార్, మీ నెంబర్ లేక" అన్నాడు శ్రీకాంత్. నేను సంకటి ముద్ద వంక చూశాను.

సుష్మ వడ్డిస్తూ అంది, "అంకుల్, ఒకసారి హామిల్టన్ మ్యాచ్‌కి మేమూ వచ్చినాం. గాలికి తట్టుకోలేక అందరం బ్లాంకెట్లు కప్పుకుని కూర్చున్నాం. కడప నుంచి మా అమ్మ ఫోన్ చేసి, ఏమే, ఎండ చుర్రుమంటోందంట కదా, పిల్లలకి టోపీలు పెట్టినావా అని అడిగింది. మీరే చెప్పినారంట టీవీలో."

"మా కామెంటరీ బాక్సు వైపు ఎండగానే ఉందమ్మా" అన్నాను.

సుష్మ నన్ను ఒక్క క్షణం చూసి, పెరుగు వేసింది. తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది. వాళ్ళ ఇంటి నుంచి ఫ్లాట్ బుష్ ఎంత దూరమని అడిగితే, ట్రాఫిక్ లేకపోతే ముప్పావుగంట అన్నాడు శ్రీకాంత్. పెట్టెలో ఆవకాయ సీసా గుర్తొచ్చింది. ఆ దారి మాత్రం అడిగి ఊరుకున్నాను.

ఆల్బనీ నుంచి ఫ్లాట్ బుష్‌కి

శనివారం రాత్రి ఏడింటికి మ్యాచ్. సాయంత్రం నాలుగింటికి మోటెల్లో ఇంటర్నెట్ పోయింది. రోడ్డు తవ్వుతూ ఎవరో తీగ కోశారట. యజమాని ఏమాత్రం తొణక్కుండా సోమవారం వస్తారులే అన్నాడు. ఈ దేశంలో ఏది విరిగినా సోమవారం బాగవుతుంది. ఫోన్ డేటాతో ప్రయత్నిస్తే ఆటగాళ్ళు బొమ్మల కొలువులా నిలబడిపోయారు.

రూబెన్ మంచం అంచున కూలబడ్డాడు. ఈ ఉద్యోగంలో ఇదే ఆఖరి ఏడాదట, ఒక్క మ్యాచ్ కూడా తప్పలేదట ఇన్నేళ్ళలో. శ్రీకాంత్‌కి ఫోన్ చేశాను. కుటుంబంతో సహా స్టేడియానికే వెళ్ళాడు, ఎత్తలేదు. నాయుడు అంకుల్‌ని పిలిస్తే టాక్సీతో వచ్చాడు గానీ, "మా ఇంట్లో పదకొండుమంది మనవలు, అక్కడ మీరు చెప్పేది మీకే వినబడదు" అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు, "నీకు ఇక్కడ సొంతవాళ్ళు లేరా?"

లేరు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. రూబెన్ ఓవర్‌కోటు మడత పెడుతున్నాడు, ఇక అవసరం లేదన్నట్టు. "అక్క ఉంది" అన్నాను. నాయుడు అంకుల్‌కి ఫ్లాట్ బుష్ చిరునామా చెప్పాను.

మోటర్‌వే మీద దారి పొడుగునా అక్క ఏమంటుందో లెక్కేసుకుంటూ కూర్చున్నాను. ముందుగా ఫోన్ చెయ్యలేదు, చేస్తే ఎత్తదు.

ఫ్లాట్ బుష్

అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్న కొత్త ఇళ్ళు. అక్క తలుపు తీసింది. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసింది, నా వెనక కోటు వేసుకున్న ముసలాయన్ని, తీగల చుట్టలు మోస్తున్న ఆవిణ్ణి, నాయుడు అంకుల్‌ని చూసింది. మన ఇళ్ళలో ఒక నియమం ఉంది. గుమ్మంలో పరాయివాళ్ళుండగా సొంతవాళ్ళని తిట్టకూడదు. ఆ నియమమే నన్ను కాపాడింది.

"కమ్, కమ్. షూస్ హియర్" అంది గ్రాసియెలాతో. సంగతి విని లోపలికి దారి చూపించింది. నాతో ఒక్క మాటా లేదు. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకున్నారు. దానికి సరిగ్గా పైన గోడ మీద బావ ఫోటో, ప్లాస్టిక్ మల్లెల దండ. రూబెన్ కోటు వేసుకుని కిటికీ తెరవబోతే అక్క వచ్చి మూసేసింది. "హీటర్ ఆన్‌లో ఉంది. నో విండో" అంది. ఇన్నేళ్ళలో ఆయనకి ఎదురు చెప్పిన మొదటి మనిషి మా అక్కేనని గ్రాసియెలా తర్వాత చెప్పింది.

అక్క నాయుడు అంకుల్ వైపు తిరిగి ఇంగ్లీషులో, "అతను భోంచేస్తాడేమో అడగండి" అంది. ఆయన నావైపు తిరిగి తన దగ్గరున్న సరుకంతా వాడాడు. "అన్నం?"

తింటానని తలూపాను. "సరేనట" అని ఆయన ఇంగ్లీషులో అందించాడు. తెలుగువాళ్ళిద్దరి మధ్య ఫిజీ దుబాసీతో గంటసేపు రాయబారం నడిచింది.

ఏడింటికి ఆట మొదలైంది. రూబెన్ కోటులో చెమటలు కక్కుతూ, "ఇక్కడ స్టేడియంలో గాలి కత్తిలా ఉంది" అన్నాడట. స్పానిష్‌లో 'ఇక్కడ' ఏ మాటో నాకు అప్పటికే బాగా తెలుసు. అదే మాట మీద నేనూ బతుకుతున్నాను. నల్ల జెర్సీల వాళ్ళు, నీలం గీతల వాళ్ళు ముద్దగా వంగి తలలు గుద్దుకుంటున్నారు.

అక్క వంటింట్లోకి వెళ్ళింది. ఇంటికి నలుగురు వచ్చారు, పప్పు పెట్టకుండా ఎలా ఉంటుంది? మైకులు తెరిచి ఉన్నాయి, కుక్కర్ పెట్టకూడదని అక్కకి చెప్పాల్సింది నేనే. ఆ గదిలో మైకు సంగతీ, కుక్కర్ సంగతీ రెండూ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కానీ వంటింట్లోకి అడుగుపెట్టే ధైర్యం లేక సోఫాలోనే కూర్చున్నాను.

అర్జెంటీనా ఆటగాడొకడు బంతి చంకన పెట్టుకుని గీత వైపు పరుగెత్తుతున్నాడు. రూబెన్ గొంతు పైకి లేస్తోంది. అప్పుడు కూసింది మొదటి విజిల్.

రూబెన్ ఆగిపోయాడు. రిఫరీ ఆట ఆపాడనుకున్నాడు. ఆటగాడు మాత్రం పరుగెత్తుతూనే ఉన్నాడు. రెండో విజిల్. గ్రాసియెలా టేబుల్ కిందకి వంగి చూసింది. మూడో విజిల్. చెవుల్లో ఎవరో బ్యూనస్ ఎయిర్స్ నుంచి కేకలు వేస్తున్నట్టున్నారు, రూబెన్ మొహం మారిపోయింది. ఫోన్ నిండా ప్రేక్షకుల మెసేజీలు. రిఫరీ మూడుసార్లు ఊదితే ఆట ఎందుకు ఆపలేదు, ఇదేం అన్యాయం, న్యూజిలాండ్ వాళ్ళు మోసం చేస్తున్నారా?

రూబెన్ వంటింటి వైపు చూశాడు, బావ ఫోటో వైపు చూశాడు. మెల్లగా కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. నవ్వుతూ ఏదో చెప్పడం మొదలెట్టాడు. అందులో "సెన్యోరా ఇందిరా" అనే మాట వినబడింది. అక్క గరిటె పట్టుకుని బయటికొచ్చి, గ్రాసియెలా చెవిలో, నా పేరెందుకు అంటున్నాడని అడిగింది.

గ్రాసియెలా మైకుకి చెయ్యి అడ్డం పెట్టి చెప్పింది. "మిత్రులారా, ఆ విజిల్ రిఫరీది కాదు, ఇందిరమ్మగారి పప్పుది. మేం స్టేడియంలో లేం. ఇంటర్నెట్ పోతే ఆవిడ ఇల్లిచ్చారు, భోజనం కూడా పెడుతున్నారు. ఆవిడకి మా అందరి నమస్కారం, అని చెబుతున్నాడు."

అక్క మొహం వెలిగింది. వెంటనే అనుమానం వచ్చింది. "మరి మొదట్లో స్టేడియంలో ఉన్నామని చెప్పాడా?"

"అందరం అలాగే చెబుతాం. సగం మ్యాచ్‌లు మా ఊళ్ళో స్టూడియోలో కూర్చునే చెబుతాం" అంది గ్రాసియెలా. తర్వాత నావైపు వేలు చూపించి, ఏ కపటం లేకుండా, "మీ తమ్ముణ్ణి అడగండి. ఆయనా అంతేనట, ఇదే మొదటిసారి ఈ దేశం రావడం" అంది.

గరిటెలోని తాలింపు నేల మీద కారింది. అక్క నా దగ్గరికి వచ్చింది. మైకులు తెరిచి ఉన్నాయి కాబట్టి ఆరేళ్ళ కోపాన్ని గుసగుసగా అడగాల్సి వచ్చింది.

"ఒరేయ్ మూర్తీ. ఆ రోజు నువ్వెక్కడున్నావురా?"

"హైదరాబాద్‌లో అక్కా. స్టూడియోలో."

"సముద్రం ఒడ్డు?"

"లేదు. పక్క హోటల్లో ఇడ్లీ తిని వచ్చాను."

అక్క సోఫాలో నా పక్కన కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది. "మీ బావ మూడు రోజులు తలుపు గడియ వెయ్యనివ్వలేదురా" అంది. "ఈ కాలనీలో రాత్రిపూట గడియ వెయ్యకుండా పడుకున్నాం. వాడు మ్యాచ్ అయ్యాక వస్తాడే, మంచం మీంచి లేచి తలుపు తియ్యలేను, గడియ వెయ్యకు అనేవారు. నువ్వు రాలేదని కోప్పడలేదు తెలుసా? వాడికి ఏదో అయ్యుంటుంది, లేకపోతే రాకుండా ఉండడని నీ గురించే దిగులు పడ్డారు. నేనేమో నిన్ను తిట్టుకుంటూ కూర్చున్నాను."

నాకు ఏడుపొచ్చింది. గట్టిగా ఏడవడానికి లేదు, అర్జెంటీనా వింటోంది. చొక్కా చెయ్యి నోట్లో కుక్కుకున్నాను. సరిగ్గా అప్పుడే అర్జెంటీనా ఆటగాడెవడో గీత దాటి బంతి నేలకి కొట్టాడు, రగ్బీలో గోల్ లాంటిది అదే. రూబెన్ లేచి, కోటు లేకుండా, బావ ఫోటో కింద నిలబడి అరిచాడు. ఆ అరుపు మాటున నేను ఏడ్చేశాను. ఎన్ని సెకన్లో చూసుకోలేదు.

అర్జెంటీనా ఓడిపోయింది. అందరికీ అక్క పప్పు, నేను తెచ్చిన ఆవకాయ వడ్డించింది. రూబెన్ ఆవకాయకి కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ రెండోసారి వేయించుకున్నాడు. గ్రాసియెలా కషాయం బుర్ర అక్కకి అందించింది. అక్క లోపలికెళ్ళి ఒక కొత్త ప్లాస్టిక్ స్ట్రా తెచ్చి, ఇనప గొట్టం పక్కన గుచ్చి తాగింది. గ్రాసియెలా నోరు తెరిచి చూస్తుండిపోయింది. స్టేడియంలో లేమని చెప్పినందుకు వాళ్ళ చానెల్ ఏమంటుందోనని రూబెన్ ఫోన్ చూసుకున్నాడు. నిండా నమస్కారాలే, అన్నీ సెన్యోరా ఇందిరకి.

సముద్రం ఒడ్డు

మిగిలిన రెండు రోజులూ అక్క ఇంట్లోనే ఉన్నాను. ఆదివారం పొద్దున్నే అక్క కారు తీసి, నన్ను సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళింది. మబ్బు, సన్న జల్లు, మొహాన కొట్టే గాలి.

"దిగు. నడువు" అంది. "టీవీలో నడిచావుగా, ఎంత బావుంటుందో చూడు."

నడిచాను. చెప్పుల్లో నీళ్ళు దూరి, ఇసక నిండి, ముక్కు కారింది. హాయీ లేదు, పాడూ లేదు. అక్క కారులో హీటర్ వేసుకుని కూర్చుని, నేను వెనక్కి తిరిగినప్పుడల్లా ఇంకా నడవమని చెయ్యి ఊపింది. తిరిగొచ్చాక ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చింది. "వస్తే నిజంగా రా. రాకపోతే రాలేదని చెప్పు. ఈ రెండూ చేతకాకపోతే ఫోన్ కూడా చెయ్యకు" అంది. సరేనన్నాను.

మళ్ళీ రెండో అంతస్తు

అరుపు నేర్చుకున్నానా అని మా పెద్దాయన అడిగాడు. పంతొమ్మిది సెకన్ల దాకా వచ్చింది, కబడ్డీకి చాలన్నాడు. తెనాలిలో చాక్లెట్ల సంగతి అక్క చెప్పకముందే నేనే చెప్పేశాను. మేనమామ పగలబడి నవ్వి, ఆ చాక్లెట్లు తెనాలిలో కూడా దొరుకుతాయిరా, మొదటి ఏడాదే తెలుసు మాకు అన్నాడు. ఎనిమిదేళ్ళు నేను కాపాడింది ఆ పరువునన్నమాట.

ఫిబ్రవరిలో మన జట్టు మళ్ళీ ఆక్లాండ్‌లో ఆడింది. ఉదయం ఏడింటికే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. నెత్తి మీద అదే ఏసీ. నా ముందు మా వాళ్ళు ఎప్పట్లా పెట్టిన కాగితం, మొదటి వాక్యం 'ఇక్కడ ఆక్లాండ్‌లో ఆహ్లాదకరమైన వాతావరణం'. స్టూడియోకి వచ్చేముందు ఫ్లాట్ బుష్‌కి ఫోన్ చేశాను. కాగితం బోర్లా తిప్పాను. ఎర్ర దీపం వెలిగింది.

"నమస్కారం. హైదరాబాద్ స్టూడియో రెండో అంతస్తు నుంచి మాట్లాడుతున్నాను. ఆక్లాండ్‌లో సన్నగా జల్లు పడుతోందట, ఫ్లాట్ బుష్ నుంచి మా ఇందిరక్క చెప్పింది. ఆవిడకి నా నమస్కారం."

అద్దం అవతల ప్రొడ్యూసరు రెండు చేతులూ ఊపుతున్నాడు. టేబుల్ మీద ఫోను అదురుతోంది, తెర మీద మా పెద్దాయన పేరు. నేను మైకు దగ్గరికి జరుపుకున్నాను.

"అక్కా, నేను అక్కడ లేను. తలుపు గడియ వేసుకో."